ముట్టుకోని జాబితా

"నేను దాన్ని ముట్టుకోనే లేదమ్మా. ముట్టుకోనిదాన్ని అడిగానంటే ఎలా?"

వచ్చినావిడ నాలుగు మడతల కాగితాన్ని బల్ల మీద పరిచి, రెండు అరచేతులతో మధ్య నుంచి అంచులకు సాపు చేసింది. పక్క మీద దుప్పటి సర్దే చేతులవి. తెల్ల యూనిఫాం మీద బూడిదరంగు స్వెట్టరు, జేబులో మూత లేని పెన్ను. పెద్దాసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా నర్సు. డాక్టర్లతో సహా అందరూ తనని పెద్దక్క అంటారని, ఇక్కడా అలాగే పిలవచ్చని, మూడంతస్తుల మెట్లెక్కిన ఆయాసం తీరకముందే చెప్పేసింది.

ఆ మూడో అంతస్తులో ఉన్నవి రెండు గదులు, ఐదు కంప్యూటర్లు, ఒక టీ కెటిల్. వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న కంపెనీ. యజమానిని అందరూ మేస్త్రి అంటారు. ఒకప్పుడు ఇళ్లు కట్టించేవాడు. ఇప్పటికీ పేజీని గోడ అనే అంటాడు, బాగుంటే వేళ్ల కణుపులతో తెర అంచు మీద తట్టి చూస్తాడు.

పెద్దక్కకు ఎదురుగా కూర్చున్నది పెళ్లికూతురు. ఆమెకు అసలు పేరొకటి ఉంది గానీ, పెళ్లి సెలవు ముగించి వచ్చిన ఈ మూడు వారాల్లో ఆఫీసులో ఎవరూ దాన్ని వాడలేదు. కారణం లేకుండా నవ్వుకునే మనిషిని అసలు పేరుతో పిలవడం కష్టమని మేస్త్రి తీర్పు. ఆరోగ్యశాఖవాళ్ల బదిలీల పేజీలో జాబితాలు రాసింది ఆమే. పై జాబితాలో నర్సు తన ప్రాంతం ఎంచుకుంటే, ఆ ప్రాంతంలో ఖాళీలున్న ఆరోగ్య కేంద్రాలు డేటాబేస్‌లోంచి వచ్చి కింది జాబితాలో వాటంతటవే నిండుతాయి. అందులో ఒకటి ఎంచుకుని 'పంపు' నొక్కాలి. అంతే.

"అమ్మా, కంప్యూటరుకు సొంత బుద్ధి ఉండదు. మీరు నొక్కిందే రాసుకుంటుంది," అన్నాడు మేస్త్రి, తన కుర్చీలోంచి లేవకుండానే.

"అందుకే నేను నొక్కలేదు నాయనా."

"నొక్కకపోతే కొండకేంద్రం ఎలా పడింది మరి?"

"అది అడగడానికే నేనొచ్చాను. మీరు నన్ను అడుగుతున్నారు."

గోడవారన కూర్చున్న బొమ్మలాయన టీ కప్పులోకి నవ్వబోయి, మేస్త్రి చూపు తగిలి ఊరుకున్నాడు. పేజీలకు రంగులూ అందాలూ దిద్దేది అతనే.

పెద్దక్క కాగితం మీద వేలు పెట్టి చూపించింది. అది ప్రశంసాపత్రం. కష్టమైన కొండప్రాంతంలో సేవ చేయడానికి ఇష్టపడి ముందుకొచ్చినందుకు ఆరోగ్యశాఖ ఆమెను మెచ్చుకుంటోంది.

"ఏటా కాగితం ఫారం ఇచ్చేవాళ్లు. మొదటి గడిలో మా ప్రాంతం రాస్తాం. రెండోది ఖాళీగా వదిలేస్తే ఉన్నచోటే ఉంటామని అర్థం. ఇరవై రెండేళ్లు అలాగే వదిలేశాను. ఈసారి కంప్యూటరన్నారు. సరే, పైది నింపాను, కిందది వదిలేశాను. సూపరింటెండెంటు గారి దగ్గరికి పోతే, మీరే అడిగారు కదా, తెరలో కనబడుతోంది అంటారు. గురువారం సాయంత్రం ఐదింటికి జాబితా ఖరారు. శనివారం వెళ్లి చేరాలి."

"కొండకేంద్రం ఎంత దూరమండీ?" పెళ్లికూతురు అడిగింది.

"బస్సులో ఏడు గంటలు. దిగాక జీపు దొరికితే జీపు, లేకపోతే కాళ్లు. నా మోకాళ్ల సంగతి వదిలెయ్. మా ఆయనకి ఆసుపత్రి సందులోనే దర్జీ కొట్టుంది. ఆయన కొట్టు మూసే వేళకి నా డ్యూటీ దిగుతుంది. ఇద్దరం కలిసి ఇంటిదాకా నడుస్తాం. అంతకు మించిన షికారు మాకెప్పుడూ లేదు." ఆవిడ కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టింది. "పేజీ అడుగున చీమంత అక్షరాలతో మీ కంపెనీ పేరుంటే కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకుని చదివాను. కట్టినవాళ్లకి తెలియకపోతుందా అని వచ్చాను."

ఆవిడ మెట్లు దిగే చప్పుడు ఆగాక పెళ్లికూతురు ఆ పేజీ తెరిచింది. పై జాబితాలో పెద్దక్క ప్రాంతం ఎంచుకుంది. చిన్న చక్రం తిరిగి ఆగింది. కింది జాబితా నిండింది. మూసి ఉన్న పెట్టె పైభాగాన, ఎవరూ తాకకుండానే, మొదటి పేరు వచ్చి కూర్చుంది: కొండకేంద్రం.

ఆమె చేతులు ఒళ్లోకి తీసుకుంది.

ఒకప్పుడు అక్కడ 'ఒకటి ఎంచుకోండి' అనే గీత ఉండాలి. దాని వెనక, మిగతా పేర్లకు ఉన్నట్టు కేంద్రం అంకె ఉండదు. దాన్ని వదిలేసి 'పంపు' నొక్కితే ఖాళీ అని నమోదవుతుంది. ఆ గీత ఎప్పుడు పోయిందో పాత మార్పుల వరసలో వెతికింది. పెళ్లి సెలవుకు ముందు ఆఖరి రోజు, సాయంత్రం నాలుగూ పది. తీసేసినవారి చోట తన పేరే.

గుర్తుంది. "ఆ ఖాళీ గీత పళ్లూడిన నోరులా ఉంది, తీసెయ్," అన్నాడు బొమ్మలాయన. అప్పుడే కాబోయే భర్త దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది: కర్టెన్లు పసుపా, నీలమా? పసుపు అని కొట్టి, ఒక్క మీటతో ఆ వాక్యం చెరిపేసి, కూనిరాగం తీస్తూ మెట్లు దిగింది. దానికి తోడు కేంద్రాల వరసను ఆరోగ్యశాఖవాళ్లే అడిగి పెట్టించుకున్నారు. ఎక్కువకాలం ఖాళీగా ఉన్నది ముందు. అంటే ఎవరికీ అక్కర్లేనిదే అన్నిటికంటే పైన.

"ఏమైంది, ముఖం అలా పెట్టావు?" బొమ్మలాయన అడిగాడు.

"ఏం లేదు," అంది. మూడు వారాల్లో ఆమె ఆ మాట నవ్వకుండా అనడం అదే మొదటిసారి.

ఇంట్లో పసుపు కర్టెన్లలోంచి సాయంత్రపు వెలుగు వచ్చి సబ్బుపెట్టె మీద పడుతోంది. రెండు గదుల ఇల్లు. ఒకే మేకుకు రెండు తాళంచెవులు. తలుపు తీసినప్పుడల్లా అవి ఒకదానికొకటి తగిలి చేసే శబ్దం కూడా పెళ్లికూతురికి ముచ్చటే. ఈ రోజు ఆమె దాన్ని వినలేదు.

భర్త కళ్లజోళ్ల కొట్టులో అద్దాలు అరగదీస్తాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద తెల్లటి పొడి ఉంటుంది. రోజూ ఆమె కొంగుతోనో చేత్తోనో దాన్ని తుడుస్తుంది, అతను కావాలనే తుడుచుకోకుండా వస్తాడు. ఇవాళ పొడితోనే కూర్చుని టీ తాగాడు.

"నేనేదో చేశాను కాబోలు," అన్నాడు చివరికి. "ఏం చేశానో చెబితే ఒప్పేసుకుంటాను. కొత్తకదా, ఏ తప్పుకి ఎంత రేటో ఇంకా తెలీదు."

"నువ్వు కాదు. నేను."

చెప్పింది. అతను మధ్యలో ఒక్క ప్రశ్నే అడిగాడు, ఎంతమంది అని. తెలీదంది.

"మా దగ్గర తప్పు అద్దం బిగిస్తే కస్టమరు గుమ్మంలోనే తూలుతాడు. ఎదురుగానే తెలిసిపోతుంది. నీ పనే నయం అనుకునేవాణ్ణి."

"నా కస్టమరు ఏడు గంటలు బస్సెక్కి కొండ మీద తూలుతుంది."

అతను నవ్వబోయి మానేశాడు. కప్పు కడిగి బోర్లించాడు, చేతులు తుడుచుకున్నాడు. "లెక్క తియ్యి ముందు. నీ ఒక్క మాటంటే భయపడ్డ పిల్ల మాటంటారు. లెక్కంటే లెక్కే." అలా అని, ఆమె చెయ్యి పట్టుకుని తన కనుబొమ మీద పెట్టుకున్నాడు. "ముందు ఈ పని పూర్తిచెయ్."

తుడిచింది. ఒక కనుబొమ అయ్యాక, ఇరవై రెండేళ్ల నడక గుర్తొచ్చి, రెండోది తుడుస్తూ కాసేపు చెయ్యి తియ్యలేదు.

మంగళవారం పొద్దున తొమ్మిదికల్లా లెక్క తేలింది. కంప్యూటరులో ఫారం నింపిన నర్సులు నలభై ఆరుగురు. ప్రాంతాలు ఐదు. ఒక్కో ప్రాంతంలో ఏ కేంద్రాన్ని ఎంతమంది అడిగారో డేటాబేస్‌ను అడిగితే ఐదు చిన్న జాబితాలు వచ్చాయి. ఐదింటిలోనూ అందరికంటే ఎక్కువమంది కోరుకున్నది మొదటి పేరే. మొత్తం ముప్పై ఏడుగురు. రెండో పేరుకు ఒకరో ఇద్దరో. ఏళ్ల తరబడి కాపురం లేని ఇళ్లలాంటి కేంద్రాలు ఒక్క వారంలో నిండిపోయాయి.

ఆ కాగితం మేస్త్రి ముందు పెట్టింది. అతను చదివాడు. వేళ్ల కణుపులతో బల్ల మీద ఒకసారి తట్టాడు.

"ఎవరు తీశారు ఆ గీత?"

"నేనే."

బొమ్మలాయన కుర్చీ కిర్రుమంది. "నేనే తీసెయ్యమన్నాను," అన్నాడు చిన్నగా.

"పెళ్లికూతురు తీసింది, పేరంటాలు తీయించింది. బాగుంది!" మేస్త్రి లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. "చూడమ్మా, గోడ కట్టాం, వాళ్లు చూసుకున్నారు, సంతకం పెట్టారు, సున్నం కూడా ఆరిపోయింది. ఇప్పుడు పోయి, అయ్యా, లోపల ఒక ఇటుక పెట్టడం మర్చిపోయాం అంటే? వచ్చే ఏడు మనల్ని గుమ్మం తొక్కనిస్తారా? అడిగినప్పుడు నేను నీ పేరే చెప్పాల్సొస్తుంది."

"నా పేరే చెప్పండి."

"అది ధైర్యం కాదు. కొత్త కాపురం, ఒంటి మీద ఎండ తగలట్లేదు నీకు."

"రేపు పదకొండింటికి సూపరింటెండెంటు గారి దగ్గర మన మీటింగే ఉంది కదండీ. నేనే చెప్తాను. సరిచెయ్యడం కూడా తేలికే. ఆ ముప్పై ఏడూ కొట్టేసి ఖాళీ అని పెట్టడానికి ఒక్క వాక్యం చాలు. అందరూ ఉన్నచోటే ఉండిపోతారు."

మేస్త్రి కెటిల్ మూత తీసి లోపలికి చూశాడు. అతను నోటితో ఒప్పుకోని విషయాలకు అదే ఒప్పుకోలని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆమె పెద్దక్కకు ఫోన్ చేసి, రేపటికల్లా మొత్తం రద్దయిపోతుందని చెప్పింది. అవతల నుంచి ఆవిడ వార్డులో ఎవరితోనో, "ఒసేయ్, రద్దట!" అని కేకేయడం వినిపించింది.

మధ్యాహ్నం మూడున్నరకు ఫోన్ మోగింది. తెలియని నంబరు, ఆసుపత్రిది.

"అక్కా, జాబితాలు రాసింది మీరేనా?" పిల్ల గొంతు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. "ఆరో వార్డు ఫోన్ నుంచి చేస్తున్నాను. పెద్దక్క మీ నంబరు ఇచ్చింది. నాది కూడా కొండకేంద్రమే."

"కంగారు పడకమ్మా. రేపు తీసేస్తాం. నీ పేరు కూడా..."

"తీసెయ్యకండి."

పెళ్లికూతురు కలం కింద పెట్టింది.

"నేను వదిలెయ్యలేదు అక్కా. జాబితా తెరిచాను. కిందిదాకా చూశాను. మళ్లీ పైకొచ్చి మొదటిదే ఎంచుకున్నాను. ఇంట్లో మాత్రం కంప్యూటరే వేసేసిందని చెప్పాను. ప్రభుత్వం ఆర్డరు, వెళ్లకపోతే ఉద్యోగం పోతుందని చెప్పాను. ఇరవై రోజులు అరిచారు. ఇప్పుడిప్పుడే సర్దుకుంటున్నారు." వెనక ఎవరో పిలిచారు. "వస్తున్నా!" అని కేకేసి, గొంతు తగ్గించింది. "మీరు కంప్యూటరు తప్పని రద్దుచేస్తే, ఇక నేను వెళ్లడానికి దారి లేదు. నా అంతట నేను అడిగానని ఇంట్లో తెలిస్తే..."

"పెళ్లయిందా నీకు?"

"ఏడు నెలలు."

పెళ్లికూతురికి తన మూడు వారాలూ, ఆ ఏడు నెలలూ పెళ్లి అనే ఒకే మాట కింద ఎలా ఇముడుతాయో అర్థం కాలేదు.

"అక్కడ నర్సులకి ఒక గది ఇస్తారట అక్కా," అంది ఆ పిల్ల. "పోయినేడు వెళ్లొచ్చినావిడని అడిగాను. తలుపుకి లోపలి నుంచి గడియ ఉందట."

ఫోన్ పెట్టేసింది. పెళ్లికూతురు తెర మీద ఆ వాక్యం రాసిపెట్టి ఉంది: మొదటి కేంద్రం అని ఉన్న ముప్పై ఏడు చోట్లా ఖాళీ పెట్టు. ఒక్క మీట నొక్కడమే మిగిలింది. ఆ ముప్పై ఏడు వరసల్లో ఏది ఆ పిల్ల ఇష్టమో, ఏది పెద్దక్క అలవాటో చెప్పే గుర్తు ఎక్కడా లేదు. ఇద్దరి ఎదురుగానూ ఒకటే అంకె. తాకినదీ తాకనిదీ తేడా తెలియకుండా కట్టింది తనే.

ఆ వాక్యాన్ని వెనక నుంచి ఒక్కో అక్షరం చొప్పున చెరిపేసింది.

సూపరింటెండెంటు గదిలో గోడ నిండా ఫైళ్లు, మధ్యలో ఫ్యాను. ఆయన పొట్టిగా, శుభ్రంగా ఉన్నాడు. పెన్సిళ్లన్నీ ఒకే పొడవుకు చెక్కి పెట్టుకున్నాడు. బుధవారం పదకొండున్నరకు ఆయన చేతిలో ఉన్నది పెళ్లికూతురు లెక్క కాగితం. మేస్త్రి ఆమె పక్కన కూర్చుని తన బూట్లను చూసుకుంటున్నాడు.

"అంటే ఈ ముప్పై ఏడుగురూ ఇష్టపడి రాలేదంటారు."

"చాలామంది రాలేదండి. రెండో గడి వదిలేశారు. మా పేజీ మొదటి పేరు రాసుకుంది. నేను ఒక గీత తీసెయ్యడం వల్ల అలా జరిగింది." ఆ మాట అనడానికి బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

"ప్రశంసాపత్రాలు కూడా పంపించాం," అన్నాడాయన నెమ్మదిగా. తొమ్మిదేళ్లలో తనకు దక్కిన ఒక్క మంచి వార్త చేతిలోంచి జారుతున్న మనిషి గొంతు అది. పెన్సిలొకటి తీసి చూసి మళ్లీ వరసలో పెట్టాడు. "సరే. తప్పు తప్పే. అందరివీ రద్దుచెయ్యండి. ఉన్నచోటే ఉంటారు."

మేస్త్రి ఊపిరి వదిలాడు. తిట్టు లేకుండా బయటపడ్డామన్న ఊపిరి.

"అలా వద్దండి," అంది పెళ్లికూతురు.

మేస్త్రి బూటు ఆమె కాలిని తాకింది. ఆమె కాలు పక్కకు తీసుకుంది.

"రద్దని నిన్న మీరే చెప్పారని వార్డుల్లో నర్సులు అనుకుంటున్నారే?"

"నిన్న తొందరపడ్డానండి. ఆ ముప్పై ఏడుగురిలో నిజంగా అడిగినవాళ్లు ఒక్కరున్నా, వాళ్ల మాట మనం రెండోసారి చెరిపినట్టవుతుంది. మొదటిసారి తెలియక చేశాను. ఈసారి తెలిసి చెయ్యలేను. పేజీ మళ్లీ తెరుద్దాం, ఆ ముప్పై ఏడుగురికే. ఖాళీ గీత పెడతాను, దాని కింద 'ఉన్నచోటే ఉంటాను' అనే మాట కూడా పెడతాను. రేపు ఐదింటిలోగా ఎవరికి వాళ్లు మార్చుకుంటారు."

"కొండప్రాంతానికి ఇష్టపడి వెళ్లేవాళ్లు ఉంటారంటావా?" ఆయన గొంతులో ఏదో ఆశ తొంగిచూసింది.

"అది మనం అడిగితేనే కదండీ తెలిసేది."

"ఎవరైనా ఏదీ ముట్టుకోకపోతే?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. రాత్రంతా కాదు గానీ, పొద్దున బస్సులో మొత్తం దాని గురించే ఆలోచించింది. "ముట్టుకోకపోతే ఇప్పుడున్నదే ఉంటుందండి. కానీ ముందుగా ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి చెప్తాను. తెలిసి వదిలేస్తే అది వాళ్ల ఇష్టం."

ఆయన కాగితం మీద రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. "మీ కంపెనీకి నోటీసు వస్తుంది," అన్నాడు, సంతకం కింద తేదీ వేస్తూ.

మెట్లు దిగుతూ మేస్త్రి, "ఆ నోటీసు ఫ్రేము కట్టించి నీ కుర్చీ వెనక తగిలిస్తాను," అన్నాడు. వీధిలోకి వచ్చాక, "ముప్పై ఏడులో సగం నాకియ్యి. నా గొంతుకే జవాబు చెప్తారు, నీది వింటే పెళ్లి శుభలేఖ చదువుతున్నట్టుంటుంది," అన్నాడు.

గీత తిరిగి పెట్టడానికి ఆమెకు నాలుగు నిమిషాలు పట్టింది. దాన్ని పదిసార్లు పరీక్షించడానికి గంట పట్టింది. బొమ్మలాయన వచ్చి వెనక నిలబడి, పళ్లూడిన నోటి గురించి ఏమీ అనకుండా, ఆ గీతకు మంచి రంగు వేసి వెళ్లాడు. లోపలికి రావాలంటే నర్సు ఫోన్‌కు ఒక కోడ్ వస్తుంది, అది కొట్టాలి. తన తెర మీద ముప్పై ఏడు వరసలు పసుపుగా పెట్టుకుంది. మార్చుకున్నవాళ్ల వరస ఆకుపచ్చ అవుతుంది.

ఫోన్లు మొదలుపెట్టారు. ఒకావిడ ఏడ్చింది. ఒకావిడ ఇరవై నిమిషాలు తిట్టి, చివర్లో, భోంచేశావా తల్లీ అని అడిగింది. మరొకావిడ గట్టిగా నవ్వి, "కొండగాలి మంచిదేలే, నాదలాగే ఉండనియ్యి," అంది. పెద్దక్క వరస సాయంత్రానికి ఆకుపచ్చ అయింది. వెంటనే ఫోన్ చేసింది. "ఈసారి ముట్టుకున్నానమ్మా. రెండుసార్లు ముట్టుకున్నాను. మా ఆయన మూడోసారి కూడా ముట్టుకోమంటున్నాడు, తప్పా?"

ఆరో వార్డు పిల్ల పేరెదురుగా ఉన్న నంబరు మాత్రం ఆమె మేస్త్రికి ఇవ్వలేదు. పాత వివరాలు చూడగానే తెలిసింది, ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన నంబరు ఒకటి, పెళ్లయ్యాక మార్చింది ఇంకొకటి. రెండోది భర్తది. కోడ్ పోయేది దానికే. అందుకని వార్డుకు ఫోన్ చేసింది.

"నేను ఏమీ చెయ్యక్కర్లేదా అక్కా?" ఆ పిల్ల మళ్లీ అడిగింది.

"ఏమీ ముట్టుకోవద్దు. అలాగే ఉంటుంది."

"ముట్టుకోను," అంది, గుడిలో ప్రమాణం చేస్తున్నంత బుద్ధిగా.

గురువారం సాయంత్రం నాలుగున్నరకు ముప్పై ఐదు వరసలు ఆకుపచ్చగా ఉన్నాయి. రెండే పసుపు. ఒకటి కొండగాలి ఆవిడది. మేస్త్రి అందరికీ టీ పోశాడు. సూపరింటెండెంటు గారికి ఒకరైనా దక్కారు పాపం అన్నాడు. పెళ్లికూతురు ఇద్దరు అనలేదు. కప్పు ఎత్తబోతుండగా రెండో పసుపు వరస పక్కన చిన్న గుర్తు వెలిగింది. కోడ్ పంపబడింది, నాలుగూ నలభై నాలుగు. మరి కాసేపటికి ఇంకో గుర్తు. కోడ్ సరిపోయింది. పేజీ తెరుచుకుంది.

ఆమె కప్పు దించింది. తర్వాత ఏ గుర్తూ రాలేదు. నాలుగూ నలభై ఎనిమిదికి బల్ల మీద ఫోన్ మోగింది.

"నమస్తే మేడమ్. బదిలీల పేజీ వాళ్లేనా?" మెత్తగా, మర్యాదగా ఉంది మగ గొంతు. "మా ఆవిడ ఆరో వార్డులో నర్సు. మీ కంప్యూటరు పొరపాటున చాలామందిని కొండకి వేసిందట కదా. మా ఇంటికి ఎవరూ ఫోన్ చెయ్యలేదు మేడమ్. మా నాన్న స్నేహితుడు చెబితే ఇప్పుడే తెలిసింది."

"వార్డుకు చేశామండి."

"ఆవిడ చిన్నపిల్లండీ, ఏమీ తెలీదు. చెప్పడం కూడా రాదు. ఇప్పుడు నా ఫోన్‌లో పేజీ తెరిచి ఆవిడ చేతికే ఇచ్చాను. ఇది నాన్న ఫోను. 'ఉన్నచోటే ఉంటాను' నొక్కుతోంది, తీసుకోవట్లేదట. చూడండి కాస్త."

పెళ్లికూతురు చూసింది. ఎవరైనా 'పంపు' నొక్కితే, పడినా పడకపోయినా, తన తెర మీద ఒక గుర్తు వస్తుంది. ఒక్కటీ లేదు. ఆ ఇంట్లో ఆ పిల్ల తెర మీద వేలు ఆడిస్తోంది, ఆనించడం లేదు.

"నొక్కుతోందాండీ?"

"నొక్కుతూనే ఉంది." గొంతు ఫోన్‌కు దూరమైంది. "పడిందా? ఇంకా లేదా? ఏం మనిషివి నువ్వు, ఇలా ఇవ్వు, నేను నొక్కుతాను."

"వద్దండీ!"

కుర్చీ వెనక్కు పోయి గోడకు తగిలింది. మేస్త్రి తలెత్తాడు. ఆమె గొంతు దించుకుంది. "ఇప్పుడెవరూ ఏమీ నొక్కకండి. ఒకసారి పడకపోతే మళ్లీ మళ్లీ నొక్కడం వల్ల ఇంకా చిక్కుపడిపోతుంది. ఫోన్ అలాగే కింద పెట్టించండి. నేను ఇక్కడి నుంచి చూస్తున్నాను. మీరు లైన్లోనే ఉండండి."

"ఎంతసేపు?"

"ఒక్క నిమిషం."

నాలుగూ యాభై. ఉద్యోగి నంబరు అడిగింది. అతను చెప్పాడు. చివరి రెండంకెలు మళ్లీ అడిగింది. చేరిన తేదీ అడిగింది; అతను భార్యను అడిగాడు; భార్య చాలాసేపు ఆలోచించి, ఏదో కాగితం వెతికి తెస్తానంది. అల్మారా తెరుచుకున్న శబ్దం, సొరుగు లాగిన శబ్దం. నాలుగూ యాభై మూడు. పెళ్లికూతురు తన కీబోర్డు మీద అర్థంలేని అక్షరాలు కొడుతూ ఆ టకటక అతనికి వినిపించేలా ఫోన్ దగ్గరగా పెట్టింది.

"ఏమైంది మేడమ్?"

"సర్వరు జవాబు కోసం చూస్తున్నానండి."

"ఐదైతే మూసేస్తారట కదా?"

"అవునండి, అందుకే చూస్తున్నాను."

నాలుగూ యాభై ఆరు. అతని మర్యాద అంచులు ఊడుతున్నాయి. "ఇంటి ఆడమనిషిని ఒక్కదాన్నే కొండ మీదకి పంపించాలా? మీకు తెలుస్తోందా? మీ ఇంట్లో ఇలా పంపిస్తారా?" ఆమె ఊఁ కొట్టింది. అతను తిడుతున్నంతసేపు అతని చేతులు ఆ రెండో ఫోన్ మీదికి పోవు. కొంచెం తగ్గితే తనే ఒక మాట అందించింది. "మీ బాధ నాకు అర్థమవుతోందండి, ఇంకా చెప్పండి."

మేస్త్రి వచ్చి ఆమె భుజం మీంచి తెర చూశాడు. గుర్తుల్లేని ఆ వరసను చూశాడు, ఆమె వేళ్లు కొడుతున్న చెత్తను చూశాడు. ఏదో అడగబోయాడు. ఆమె అరచెయ్యి ఎత్తింది. అతను వెనక్కు వెళ్లి, కెటిల్ మూత తీసి లోపలికి చూస్తూ నిలబడ్డాడు.

నాలుగూ యాభై తొమ్మిది.

"ఒక్క మాట చెప్పండి మేడమ్. తప్పు మా ఆవిడదా? మీదా?"

నిన్న సూపరింటెండెంటు ముందు ఆ మాట అనడానికి ఆమె బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది. అది నిజం కాబట్టేమో. ఇవాళ ఆ అవసరం పడలేదు.

"మాదేనండి," అంది. "పూర్తిగా మాదే. ఆవిడ సరిగ్గానే నొక్కారు. మా పేజీయే తీసుకోలేదు. కావాలంటే రాసి కూడా ఇస్తాను."

ఐదు. తెర మీద ఆ పసుపు వరస బూడిదరంగులోకి తిరిగింది.

"టైమైపోయిందండీ. మూతపడిపోయింది."

అతను ఇంకాసేపు తిట్టాడు. కంపెనీని, కంప్యూటర్లను, ప్రభుత్వాన్ని, చివరికి ఫోన్ కంపెనీని కూడా. ఆమె అన్నిటికీ క్షమించమంది. తర్వాత ఫోన్ చేతులు మారిన గరగర వినిపించింది.

"మేడమ్," అంది ఆరో వార్డు పిల్ల, ఆ ఇంట్లో అన్ని గదులకూ వినపడేంత దిగులుగా. "అయితే నేను వెళ్లాల్సిందేనా?"

"వెళ్లాల్సిందేనమ్మా," అంది పెళ్లికూతురు, అంతకంటే దిగులుగా.